కల్వర్టు దాటని మాట

పొద్దున్నే షట్టర్ ఎత్తి, మెషీన్ మీద కప్పిన దుప్పటి ముక్క తీసి, ఒకటి రెండు ఖాళీ కాయితాలు లాగి చూసుకుని, వాటి మీద నల్ల చార కనిపిస్తే మెషీన్‌నీ దాన్ని అమ్మినవాడినీ కలిపి తిట్టడంతో జెరాక్సమ్మ రోజు మొదలయ్యేది. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. అది ఆధార్ల మీదా సర్టిఫికెట్ల మీదా పదిమంది పేర్లు నకళ్లు తీసీ తీసీ ఆమే మర్చిపోయిందని వీధిలో ఆటపట్టించేవాళ్లు. స్కూలు వ్యాను తోలే ఆమె మొగుణ్ణి కూడా అందరూ జెరాక్సమ్మ గారి ఆయన అనే పిలిచేవాళ్లు. అతను దానికేమీ అనుకునేవాడు కాదు.

ఆ వీధి పల్లంలో ఉంది. పైన మెయిన్ రోడ్డు మీద పెట్రోలు బంకు దాకా ఫోన్లు మహా బాగా పలుకుతాయి. బంకు దాటి కిందికి దిగితే సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయి, కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి ఫోను ఉత్త టార్చిలైటు. అంచేత ఆ వీధిలో ఎవరికి ఫోనొచ్చినా, గొంతు బంకు దగ్గర దిగి అక్కణ్ణించి నడిచి రావాల్సిందే. కల్వర్టు, కర్రల అడితి, వాలు, మలుపు దాటి, ఇల్లు వెతుక్కుని, గుమ్మంలో నిలబడి చెప్పాల్సింది చెప్పి ఆగిపోయేది. కుర్రగొంతులు పరుగెత్తుకుంటూ వచ్చేవి. పెద్దవాళ్లవి అడితి నీడలో కాస్త ఆగి వచ్చేవి. వానలో తడిసిన గొంతు బొంగురు పోయి ఉండేది. గొంతులు చప్పున కంటికి ఆనవు కాబట్టి అవి వస్తున్నాయని కుక్కల్ని చూసి తెలుసుకోవాలి. తెలిసిన గొంతుకి లేచి దారి ఇచ్చేవి. అప్పులిస్తాం తీసుకోండి అనే గొంతుల వెంట మాత్రం మలుపు దాకా అరుచుకుంటూ పోయేవి.

వీధి కోపమంతా కంపెనీ మీదే. గొంతు నడిచినంత సేపూ కాల్ కింద లెక్కేసేవాడు. పైగా చలికాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి రేట్లు పెంచేవాడు. ఇదేమన్యాయమని అడిగితే, "మా మ్యాపులో మీ వీధి ఆకుపచ్చగా ఉంది" అనేవాడు. పోనీ వేరే కంపెనీకి మారదామా అంటే వాళ్ల సిగ్నల్ బంకు దాకా కూడా రాదు. కస్టమర్ కేర్ గొంతుకీ నడక తప్పేది కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో రొప్పుతూ వచ్చి, "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని గుమ్మంలో చెప్పి ఆగిపోయేది. ఒకసారి కాల్ హోల్డులో పెట్టినప్పుడు వినిపించే పాట దారి తప్పి, తను ఎవరిదో తెలీక వీధంతా తిరిగింది. చివరికి రిటైర్డ్ హెడ్ క్లర్కు గారు దాన్ని తన వరండాలో కూర్చోబెట్టి, అది అయిపోయేదాకా ఓపిగ్గా విన్నారు. కంపెనీ మీద పిటిషన్లన్నీ ఆయనే రాసేవారు. నకళ్లు జెరాక్సమ్మ తీసేది. కంపెనీ పిటిషన్లకి మాత్రం ఆమె డబ్బులు తీసుకునేది కాదు.

జెరాక్సమ్మకి రోజూ ఒకే ఒక్క ఫోను వచ్చేది. అది వాళ్లక్కది.

అమ్మ పోయేనాటికి అక్కకి సంబంధాలు చూస్తున్నారు, చెల్లెలికి పాలపళ్లు ఊడుతున్నాయి. ఆ తర్వాత సంబంధాల మాట ఎవరూ ఎత్తలేదు, అక్క ఎత్తనివ్వలేదు. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పనికి కుదిరి, చెల్లెలికి జడ వేసి, బడికి పంపి, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని, పెళ్లి చేసి, ఈ షాపు పెట్టించింది. తను మాత్రం ఊరికి ఆ చివర, సైకిలు షాపు మీద ఒంటిగదిలోనే ఉండిపోయింది. ఫ్యాక్టరీలో టీకి వదిలినప్పుడు చెల్లెలికి ఫోను చేసేది. స్కూలు పిల్లలు ఇళ్లకి పోయే వేళకి ఆ గొంతు షాపు దగ్గరికి చేరేది. "అన్నం తిన్నావా చిట్టీ? మీ ఆయన బాగున్నాడా? కాయితాల కట్టలు నువ్వు మొయ్యకు, నడుం పట్టేస్తుంది. ఆదివారం రా." అంతే. రోజూ అవే మాటలు. ఆదివారం చెల్లెలు వెళ్లడం మాత్రం నిజంగానే జరిగేది.

రెండేళ్ల కిందట ఒకరోజు పరీక్షల దరఖాస్తులకి ఆఖరి గడువు. షాపు ముందు జనం తోసుకుంటున్నారు. మెషీన్ కాయితం నమిలేసి మొరాయించింది. ఆ హడావుడిలో అక్క గొంతు తిన్నగా వచ్చి కౌంటర్ ముందు నిలబడి అందరూ వినేలా మొదలెట్టింది. అన్నం తిన్నావా, కట్టలు మొయ్యకు, తల దువ్వుకున్నావా, మొన్నాదివారం నీరసంగా ఉన్నావు. కాలేజీ పిల్లలు పగలబడి నవ్వారు. ఒకడైతే, "చిట్టీ, నాకు రెండు కాపీలు" అన్నాడు. జెరాక్సమ్మకి చిర్రెత్తుకొచ్చింది. ఫోను తీసి అక్క నంబరు నొక్కి, "అమ్మ ఎప్పుడో పోయింది. నువ్వు నాకు అమ్మవి కావు. అమ్మలా ఆడకు," అనేసింది.

ఆ వీధి నుంచి వెళ్లే మాట కూడా బంకు దాకా నడిచే వెళ్లాలి. కానీ కోపంలో అన్న మాట నడవదు, పరుగెత్తుతుంది. నోరు జారిందని తెలిసిన మరుక్షణం ఆమె కౌంటర్ దాటి ఆ మాట వెనక పడింది. వాలెక్కింది, అడితి దాటింది. కల్వర్టు దగ్గర చెప్పు తెగింది. ఆ చెప్పు చేత్తో పట్టుకుని ఆమె చూస్తుండగానే మాట బంకు చేరి, పెట్రోలు వాసనలో ఒక్కసారి గిర్రున తిరిగి, పైకి లేచి వెళ్లిపోయింది.

మర్నాడు అక్క గొంతు వచ్చింది. జనం తగ్గేదాకా మెట్టు కిందే ఆగి, అప్పుడు మెల్లగా పలికింది. అన్నం తిన్నావా, మీ ఆయన బాగున్నాడా, నాకేం, గుండ్రాయిలా ఉన్నా. ఆదివారం రా అనలేదు. ఆ తర్వాత ఏ రోజూ అనలేదు.

పిలవకుండా ఎలా వెళ్లడం? ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? బంకు దాకా ఎక్కి అక్కడ నిలబడి ఫోను చేస్తే మాటకి మాట ఎదురుగా మాట్లాడుకోవచ్చు. ఆమెకి భయమే అది. నడిచొచ్చే గొంతుతో ఒక సుఖముంది, వినొచ్చు, బదులు చెప్పక్కర్లేదు. ఆ సుఖానికి అలవాటు పడి, అక్క ఎప్పుడైనా మళ్లీ రమ్మంటే వెళ్దామని చూస్తూ రెండేళ్లు గడిపేసింది. ఆ ఒక్క మాట కోసం రోజూ చెవులు రిక్కించి వినేది.

ఈ మధ్య అక్క గొంతు ఆలస్యంగా రావడం మొదలైంది. స్కూలు పిల్లల వేళకి రావాల్సింది దీపాలు పెట్టే వేళకి వచ్చేది. కొన్నాళ్లకి అదీ దాటి, షట్టర్ సగం దించాక వచ్చేది. వచ్చినా పూర్తిగా వచ్చేది కాదు. అన్నం తిన్నావా, మీ ఆయన బాగున్నాడా, బరువులెత్తకు, నాకేం, గుండ్రాయిలా ఉన్నా, మరేం లేదు గానీ... అక్కడితో ఠక్కున ఆగిపోయేది. రోజూ ఆ 'గానీ' దగ్గరే.

"చూశారా తాతగారూ, చివర కోసేస్తున్నాడు!" అని జెరాక్సమ్మ హెడ్ క్లర్కు గారి దగ్గర మొత్తుకుంది. "డబ్బులు కాల్ మొత్తానికీ లాగుతున్నాడు, మాట మాత్రం ముక్కే ఇస్తున్నాడు."

"ఇది మామూలు దోపిడీ కాదమ్మా, పగటి దోపిడీ," అన్నారాయన కళ్లజోడు సర్దుకుంటూ. ఆ వారం పిటిషన్‌లో ఆ ముక్కనే ముందు పెట్టారు.

కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆమే బంకు దాకా ఎక్కి కస్టమర్ కేర్‌కి ఫోను చేసింది. చాలాసేపు పాట విన్నాక ఒకమ్మాయి పలికింది.

"మేడమ్, మీ లైన్‌లో ఏ ప్రాబ్లమూ లేదు. మీ అక్కగారి కాల్ పూర్తిగా డెలివర్ అయింది."

"పూర్తిగా ఏంటమ్మా? 'గానీ' దాకానే వచ్చింది. ఆ తర్వాత మాటేమైంది?"

"గానీ తర్వాతది కూడా వెళ్లింది మేడమ్. మా వైపు నుంచి అంతా క్లియర్."

"మీ వైపు ఎప్పుడూ క్లియరే. మా వైపు వచ్చి చూడు ఒకసారి."

"మీరు మా ప్రీమియం ప్లాన్‌కి మారితే ఇంకా మంచి అనుభవం ఉంటుంది మేడమ్."

మంచి అనుభవం సంగతి దేవుడెరుగు, అక్క మాట పూర్తిగా వస్తే చాలని ఆ ప్లానూ వేయించింది. గొంతు ఇంకా ఆలస్యంగా వచ్చింది. ఫోన్ మార్చింది. సిమ్ తీసి తుడిచి మళ్లీ పెట్టింది. మొగుడు వ్యాను కడుగుతూ, "ఇంత రభస దేనికి? ఓ పూట వెళ్లి చూసి రారాదా?" అన్నాడు.

"పిలవలేదుగా."

"పిలిచిందేమో. నీకు చివర వినపడట్లేదంటున్నావు కదా."

"నువ్వు ఊరుకోవయ్యా," అని కసిరింది గానీ, ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది.

ఆఖరికి ఉపాయం హెడ్ క్లర్కు గారే చెప్పారు. "ఎక్కడ ఆగుతోందో నువ్వే స్వయంగా చూసి రా. ఫలానా చోట ఆపుతున్నారని రాస్తే వాళ్లు తప్పించుకోలేరు." ఆ సాయంత్రం ఆమె షట్టర్ సగం దించి, వాలెక్కి, అడితి గోడవారగా నిలబడింది. పట్టుకుంటే కంపెనీని ఈ రోజు పట్టుకోవాల్సిందే.

వీధి గొంతులన్నీ ఆమె ముందు నుంచే దిగి వెళ్లాయి. ప్లంబర్‌ని తిట్టడానికి వాళ్లావిడ గొంతు విసవిసా పోయింది. హాస్టల్లో ఉన్న పిల్ల గొంతు, "నాన్నా, నేను పాసయ్యా!" అని చెప్పడానికి ఆగలేక గెంతుకుంటూ పోయింది. ఒక ముసలాయన గొంతు దగ్గుకుంటూనే అయినా ఆగకుండా వాలు దిగిపోయింది. అన్నీ అదే కంపెనీవి, అన్నీ మామూలు రేటువి. ఏ ఒక్కదాన్నీ ఎవరూ ఆపలేదు. ఆమెకి ఏదో తేడాగా అనిపించడం మొదలైంది.

పొద్దు వాలుతుండగా బంకు దగ్గర ఒక గొంతు దిగింది. కాసేపు ఎటూ కదల్లేదు. తర్వాత రోడ్డు అంచు పట్టుకుని వచ్చింది. కాస్త నడవడం, ఆగడం, మళ్లీ నడవడం. కల్వర్టు గోడ చేరాక ఇంక నా వల్ల కాదన్నట్టు దాని మీద కూలబడింది. అక్కడ పడుకున్న కుక్క లేచి, అరవకుండా, దాని పక్కకి వెళ్లి కూర్చుంది.

జెరాక్సమ్మ దగ్గరికి వెళ్లింది. రొప్పు వినిపించింది. లోపలికి పీల్చిన గాలి సగంలోనే తెగిపోతోంది. ఎవరో తెలిసీ, తెలియనట్టు ఒక క్షణం నిలబడిపోయింది.

తన మనిషి ఎదుటికి రాగానే గొంతు మొదలెట్టింది. "అన్నం... తిన్నావా చిట్టీ? మీ ఆయన... బాగున్నాడా? బరువులు... ఎత్తకు. నాకేం... గుండ్రాయిలా ఉన్నా. మరేం లేదు గానీ..."

రోజూ ఆ గొంతు ఇక్కడ లేచి, ఆ వాలంతా దిగి, మలుపు తిరిగి, మెట్టు దగ్గర జనం పోయేదాకా నిలబడి, 'గానీ' దాకా చెప్పేసరికి ఊపిరి అయిపోయేది. ఈ రోజు కల్వర్టు దగ్గరే చెప్పింది కాబట్టి ఇంకొంచెం మిగిలింది.

"మరేం లేదు గానీ, ఒకసారి వచ్చిపోవే. ఆదివారమే అక్కర్లేదు. ఏ రోజైనా సరే. తలుపు... గడియ పెట్టడం మానేశా. లేచి తియ్యలేకపోతున్నా."

గొంతు ఆగిపోయింది. కుక్క తల కాళ్ల మీద పెట్టుకుని పడుకుంది.

ఇన్నాళ్లూ కంపెనీ చెప్పింది అబద్ధాలే. ఆ ఒక్కసారి మాత్రం నిజం చెప్పింది, ఆ ఒక్కసారే ఎవరూ నమ్మలేదు. కాల్ పూర్తిగానే వెళ్లింది. చాలనిది అక్క ఊపిరి. అది తెలుసుకోవాల్సిన మనిషి ప్లాన్లు మారుస్తూ, సిమ్ములు తుడుస్తూ, పిటిషన్లకి నకళ్లు తీస్తూ కూర్చుంది. జెరాక్సమ్మ అక్కడే, నడిరోడ్డు పక్కన, కల్వర్టు గోడ పట్టుకుని ఏడ్చింది.

తర్వాత కిందికి దిగలేదు. బంకు దగ్గరికి ఎక్కి ఇంటికి ఫోను చేసింది. "అక్క దగ్గరికి వెళ్తున్నా. షట్టర్ దించెయ్," అని ఆమె గొంతు వాలు మీద పరుగెత్తుకుంటూ ఇంటికి వెళ్లింది. ఆమె బస్సెక్కింది.

సైకిలు షాపు మీది గది తలుపు చెప్పినట్టే దగ్గరగా వేసి ఉంది. కింద వాటా ఓనరమ్మ మంచం పక్కన కూర్చుని జావ తాగిస్తోంది. జెరాక్సమ్మని చూసి, "నువ్వేనా చెల్లెలివి? మేం కబురు చేస్తామంటే చెయ్యనిచ్చింది కాదమ్మా. ఫోను చేస్తున్నాగా, చెప్పాలంటే నేనే చెప్తానంది," అని గిన్నె ఆమె చేతికిచ్చి బయటికి వెళ్లింది. ఇన్నేళ్లూ పీల్చిన దూది నలుసు ఊపిరితిత్తుల నిండా పట్టేసిందని, చెయ్యడానికేమీ మిగల్లేదని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడట. అక్క పక్కమీద ఇంతైపోయి ఉంది. మెడ కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు.

"అప్పుడే వచ్చేశావే? ఇలా ఉన్నానని ఎవరు చెప్పారు?" అంది. కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి, అది కదలడం నిజమేనా అన్నట్టు.

"ఎవరు చెప్పారనుకున్నావు? నీ గొంతే చెప్పింది," అంది చెల్లెలు. "నువ్వు మాత్రం గుండ్రాయిలా ఉన్నానంటూనే ఉన్నావు."

ఆమె వెనక్కి వెళ్లలేదు. మొగుడు వ్యాను ట్రిప్పులయ్యాక బట్టలు తెచ్చిచ్చి వెళ్లేవాడు. షాపు మూతపడింది, వీధి వాళ్లు నకళ్లకి బంకు పక్కకి పోయారు. ఆమె అక్కకి ఒళ్లు తుడిచింది, తల దువ్వింది, చెంచాతో జావ తాగించి, "అన్నం తిన్నావా?" అని అడిగి నవ్వించింది. నవ్వితే అక్కకి ఆయాసం వచ్చేది. అందుకని అడగడం మానేసి, పక్కనే కూర్చుని కాళ్లు ఒత్తేది. ఆ గదిలో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉండేది. ఫోను కిటికీలో పడుండేది, ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు.

మనసులో ఉన్నది అడగడానికి ఆమెకి చాలా రోజులు పట్టింది. ఒక మధ్యాహ్నం అక్కకి కాస్త నిమ్మళంగా ఉన్నప్పుడు, అటు తిరిగి చీర మడతపెడుతూ అడిగింది.

"అక్కా, ఆ రోజు నేనన్న మాట..."

"ఏ రోజు?"

"షాపు నిండా జనం ఉన్న రోజు. ఫోను చేసి..."

"ఆ రోజా?" అక్క కళ్లు మూసుకునే ఉంది. "ఆ రోజు నాకేం వినపడలేదే. కాసేపు గరగరమని పోయింది. మీ కంపెనీ సంగతి తెలిసిందేగా."

ఆ మాట బంకు దగ్గర పైకి లేవడం జెరాక్సమ్మ కళ్లారా చూసింది. బంకు చేరిన మాట ఏదీ ఇంక దారిలో పోదు. అది అక్కకీ తెలుసు. రెండేళ్లు మెట్టు కింద నిలబడి, జనం పోయాక పలికిన గొంతు ఆవిడది. చెల్లెలి చేతిలో చీర మడత పడకుండా జారిపోయింది.

"ఇంతకీ ఏమన్నావేంటి?" అంది అక్క.

చెల్లెలు వంగి చీర అందుకుంది. "ఆదివారం వస్తున్నానని చెప్పానక్కా."

అక్క చెయ్యి దుప్పటి మీద తడుముకుంటూ వచ్చి, చెల్లెలి వేళ్లు దొరకపుచ్చుకుంది.

"అదా," అంది. "ఇప్పుడు చేరిందిలే."

ఆదివారం దాకా అక్క ఉండలేకపోయింది. పోయాక కూడా ఆ చెయ్యి చెల్లెలి వేళ్లని వదల్లేదు. ఓనరమ్మ వచ్చి పక్కన కూర్చుని మెల్లగా విడదీయాల్సి వచ్చింది.